ఒకే మనిషికి రెండు పుట్టిన తేదీలు దొరికితే

వంశవృక్షం తయారుచేసుకునేవాళ్లకి ఒక మాట. రికార్డుల్లో తేదీలు కలవకపోతే వెంటనే ఒకటి కొట్టేయకండి. రెండూ ఉంచి, ఆ కాగితం ఎప్పుడు రాశారో, వివరం ఎవరు చెప్పారో పక్కన రాసుకోండి. మరణ ధ్రువీకరణ పత్రంలో చనిపోయిన తేదీని చాలావరకు నమ్మొచ్చు. అందులోనే ఉన్న పుట్టిన తేదీ మాత్రం ఏ కొడుకో అల్లుడో గుర్తున్నంతలో చెప్పింది, ఆ పుట్టుక వాళ్లు చూసింది కాదుగా! జనగణనలో వయసు 40, 50 అని గుండ్రంగా ఉంటే అంచనా అయ్యుండే అవకాశమే ఎక్కువ.

ఐదు చోట్ల ఒకే తేదీ కనిపించినా మురిసిపోకండి. ఐదుగురూ ఒకే తప్పును ఎక్కించుకుని ఉండొచ్చు, ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఇది మామూలే.

అన్నట్టు, ఒక్కోసారి రెండూ నిజమే అవుతాయి. జార్జ్ వాషింగ్టన్ పాత క్యాలెండర్ లెక్కన పుట్టింది 1731 ఫిబ్రవరి 11న. 1752లో బ్రిటన్, దాని వలసలు క్యాలెండర్ మార్చాక అదే రోజు 1732 ఫిబ్రవరి 22 అయింది. సంవత్సరం కూడా ఎందుకు మారిందంటే, అంతకుముందు వాళ్లకి కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది.