ఉత్తర అమెరికా నవలను మరో పాఠకుడి చేతిలో పెట్టే ముందు

“మంచి అమెరికన్ నవల ఏదైనా చెప్పండి” అని ఎవరైనా అడగగానే మనసులో మెదిలిన మొదటి పేరు చెప్పేయడం చదివే అలవాటున్న వారందరికీ సహజమే. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒక మిత్రుడు అలా అడిగినప్పుడు, అప్పుడే చదివి ముగించిన ఉద్వేగంలో, కార్మాక్ మెకార్తీ 1985లో వెలువరించిన ‘బ్లడ్ మెరిడియన్’ చదవమన్నాను. 1849 ప్రాంతంలో టెక్సస్, మెక్సికో సరిహద్దుల్లో మనుషులను చంపి, తలచర్మాలు ఒలిచి సొమ్ము చేసుకునే ముఠాలో చేరిన ఒక కుర్రవాడి కథ అది. అందులో హింసకు విరామం ఉండదు, సంభాషణలకు కొటేషన్ మార్కులు ఉండవు, కొన్ని వాక్యాలు బైబిలు వచనంలా గంభీరంగా, ఊపిరి తిప్పుకోనివ్వకుండా సాగుతాయి. ఈ సంగతుల్లో ఒక్కటి కూడా నేను ఆయనకు ముందుగా చెప్పలేదు. యాభై పేజీల దగ్గర ఆయన పుస్తకం మూసేశారు. ఆ తరవాత రెండేళ్లపాటు నన్ను మరో పుస్తకం అడగలేదు. ఆ నవల మీద నా గౌరవం ఇప్పటికీ తగ్గలేదు గాని, పుస్తకం పేరు చెప్పడానికీ, ఆ పుస్తకంలోకి ఒక మనిషిని వెంటబెట్టుకుని వెళ్లడానికీ ఎంత తేడా ఉందో నాకు అప్పుడే అర్థమైంది. ఆ రెండో పని ఎలా చేయాలన్నదే ఇక్కడ చెప్పదలచుకున్నాను.

ముందుగా అడగాలి, తరవాతే చెప్పాలి. “మీకు ఎలాంటి నవలలు ఇష్టం?” అని అడిగితే “బాగుంటే చాలు, ఏదైనా పరవాలేదు” అనే జవాబే వస్తుంది కాబట్టి ఆ ప్రశ్న వల్ల ప్రయోజనం లేదు. ఈమధ్య ఆపకుండా చివరిదాకా చదివిన పుస్తకం ఏదో, మధ్యలో వదిలేసిన పుస్తకం ఏదో అడగండి. నా అనుభవంలో రెండో ప్రశ్నకు వచ్చే జవాబే ఎక్కువ పనికొస్తుంది. “ఎవరు ఎవరో తెలియలేదు” అన్నవారికి కాలం ముందుకూ వెనక్కూ కదిలే నవలను మొదటే ఇవ్వకూడదు. “ఎంతకీ ఏమీ జరగలేదు” అన్నవారికి మెరిలిన్ రాబిన్‌సన్ ‘గిలియడ్’ (2004) ఇప్పుడే వద్దు. డెబ్బయ్యారేళ్ల పాస్టరు ఒకరు, తన గుండె జబ్బు సంగతి తెలిసి, ఇంకా ఏడేళ్లు నిండని కొడుకుకు రాసిపెట్టే సుదీర్ఘమైన ఉత్తరం అది, దాని అందమంతా ఆ నెమ్మదిలోనే ఉంది. అలాంటివారికి ఎమిలీ సెయింట్ జాన్ మాండెల్ ‘స్టేషన్ ఇలెవెన్’ (2014) చెప్పవచ్చు: ఫ్లూ మహమ్మారి తుడిచిపెట్టిన లోకంలో, గ్రేట్ లేక్స్ తీరప్రాంతాల వెంట ఊరూరా తిరుగుతూ షేక్‌స్పియర్ నాటకాలు ఆడే బృందం కథ, పేజీలు వాటంతట అవే తిరుగుతాయి. రోజుకు అరగంట మాత్రమే దొరికేవారికి ఎలిజబెత్ స్ట్రౌట్ ‘ఆలివ్ కిట్రిడ్జ్’ (2008) చక్కగా సరిపోతుంది. మెయిన్ రాష్ట్రపు సముద్రతీర పట్టణంలో జరిగే పదమూడు కథలు కలిసి ఒక నవల అవుతాయి. ఒక్కో కథ దగ్గర ఆగినా తెగినట్టు ఉండదు.

ఉత్తర అమెరికా అనగానే మనం అమెరికా సంయుక్త రాష్ట్రాల దగ్గరే ఆగిపోతాం. కెనడా, మెక్సికో నవలలు కూడా చేతికి అందేలా ఉంచుకోవాలి. కెనడాలో మార్గరెట్ అట్‌వుడ్, మైకేల్ ఒండాజీ, ఎసీ ఎడుగ్యన్, మెక్సికోలో హువాన్ రుల్ఫో, లారా ఎస్కివెల్ వంటివారు ఉండగా ఒకే దేశపు పేర్లు చెప్పడం పాఠకుడికి అన్యాయం. పన్నెండు నెలల పేర్లతో పన్నెండు అధ్యాయాలుగా, ఒక్కో అధ్యాయం ఒక్కో వంటకం తయారీతో మొదలయ్యే ఎస్కివెల్ ‘లైక్ వాటర్ ఫర్ చాకొలెట్’ (1989) వంటింటిని ప్రేమించేవారికి వెంటనే నచ్చుతుంది. ఇక్కడ ఒక చిన్న మాట. పాఠకుడు భారతీయుడైతే చాలు, ఝుంపా లాహిరీనో రోహింటన్ మిస్త్రీనో చేతిలో పెట్టడం చాలామంది చేస్తారు. ఇద్దరూ గొప్ప రచయితలే, అయినా తన ఇంటిని పోలిన ఇంటినే చూపించమని ఆ పాఠకుడు అడగలేదు. అడిగితే అప్పుడు ఇవ్వండి.

పుస్తకం నిర్ణయమయ్యాక దాని గురించి ఏం చెప్పాలన్నదే అసలు కష్టం. కథాసంగ్రహం చెప్పవద్దు. కథ ఎవరు చెబుతున్నారు, కాలం ఎలా నడుస్తుంది, పాఠకుడు ఎక్కడ తడబడతాడు అనే మూడు సంగతులు చెబితే చాలు. ఇందులో మూడోదానికే ఎక్కువ సమయం ఇవ్వాలి.

బానిసత్వపు గాయాల మీద టోనీ మోరిసన్ రాసిన ‘బిలవెడ్’ (1987) విషయమే చూద్దాం. నవల ‘124’ అనే అంకెతో మొదలవుతుంది. ఆ 124కు కక్ష ఉందని మొదటి వాక్యమే చెబుతుంది. అది సిన్సినాటిలో ఒక ఇంటి నెంబరు అని తెలిసేలోపే ఒక నాయనమ్మ, ఇద్దరు మనవలు, ఒక పసిబిడ్డ ఆత్మ వచ్చి మీద పడతారు. చూసినంత మాత్రాన అద్దం పగిలిందని ఆ మనవలలో ఒకడు, కేకు మీద రెండు చిన్న చేతిముద్రలు కనిపించాయని మరొకడు ఇల్లు వదిలి పారిపోయారు. ఏ సంగతికీ వివరణ ఉండదు. మొదటిసారి చదివేవారు ఇక్కడే తమ ఇంగ్లీషు సరిపోవడం లేదేమోనని అనుమానపడతారు. నిజానికి ఈ తికమక రచయిత్రి కావాలని పెట్టినది. బానిసలను ఏ హెచ్చరికా లేకుండా ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఈడ్చుకుపోయినట్టే, పాఠకుడు కూడా సిద్ధపడే వ్యవధి లేకుండా పరాయి చోట పడాలన్నది తన ఉద్దేశమని మోరిసన్ ఒక వ్యాసంలో వివరించారు. ఈ ఒక్క సంగతి ముందుగా చెప్పి, “మొదటి అధ్యాయంలో అర్థం కానిది ఉంటే ఉండనివ్వండి, అది తరవాత తిరిగి వస్తుంది” అంటే సగం భారం దిగిపోతుంది. ఆ బిడ్డ ఎలా చనిపోయిందో మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చెప్పవద్దు. నవల ఆ నిజం చుట్టూ తిరుగుతూ తిరుగుతూ దగ్గరవుతుంది, ఆ దారిని పాఠకుడు తన కాళ్లతోనే నడవాలి. ఇంత తికమక వద్దనుకునేవారికి ముందుగా ఆక్టేవియా బట్లర్ ‘కిండ్రెడ్’ (1979) ఇస్తాను. 1976లో లాస్ ఏంజెలెస్‌లో ఉన్న నల్లజాతి యువతి ఉన్నట్టుండి పందొమ్మిదో శతాబ్దపు మేరీలాండ్‌లోని బానిసల తోటలో తేలుతుంది. వాక్యం సరళం, కథ వేగం. ఆ చరిత్రలోకి అడుగుపెట్టడానికి అంతకంటే మంచి మెట్టు నాకు తెలియదు.

తరవాతిది నేపథ్యం. అమెరికా చరిత్ర బడిలో చదువుకున్నవారికి చెప్పకుండానే తెలిసే సంగతులు, బయటివారికి రెండు మాటల్లో అందించాలి. కోల్సన్ వైట్‌హెడ్ ‘ది అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ (2016) దీనికి మంచి ఉదాహరణ. దక్షిణాది తోటల నుంచి తప్పించుకున్న బానిసలను రహస్యంగా ఉత్తరాదికి, కెనడాకు చేర్చిన మనుషుల, ఇళ్ల అల్లికకు చరిత్రలో ఉన్న పేరు అది. దారి చూపేవారిని కండక్టర్లనీ, ఆశ్రయం ఇచ్చే ఇళ్లను స్టేషన్లనీ అనేవారు. అంతకుమించి పట్టాలూ లేవు, రైలూ లేదు. వైట్‌హెడ్ ఆ మాటను ఉన్నది ఉన్నట్టుగా తీసుకుని, భూమి కింద నిజంగానే సొరంగం తవ్వి, ఉక్కు పట్టాలు పరిచి, ఆవిరి ఇంజను నడిపారు. జార్జియా తోట నుంచి పారిపోయిన కోరా ఆ రైలెక్కి దిగే ప్రతి రాష్ట్రమూ చరిత్రకూ ఊహకూ నడుమ ఉన్న కొత్త లోకం. ఇది ముందుగా తెలియని పాఠకుడు అలాంటి రైలు ఉండేదనే నమ్మి, నవల చేసిన అసలు సాహసాన్ని గమనించకుండానే ముందుకు వెళ్లిపోతాడు. నాకు తెలిసిన ఒక చదువరి పుస్తకం పూర్తిచేసి, ఆ సొరంగాల్లో ఇప్పుడు ఏవైనా మిగిలి ఉన్నాయా అని అడిగారు. ఆమెకు ఆ రెండు వాక్యాలు ముందే చెప్పి ఉండవలసింది.

లూయీజ్ ఎర్‌డ్రిక్ ‘ద నైట్ వాచ్‌మన్’ (2020)కు కూడా ఇలాంటి ఆసరా అవసరం. 1953లో అమెరికన్ కాంగ్రెస్ ఆదివాసీ తెగల ప్రత్యేక గుర్తింపును, వాటితో ఉన్న ఒప్పందాల బాధ్యతను ముగించే విధానాన్ని ఆమోదించింది. పత్రాల్లో ఆ విధానం విముక్తిలా వినిపించినా, తెగలకు అది తమ భూమినీ ఉనికినీ పోగొట్టుకోవడమే. నార్త్ డకోటాలోని టర్టిల్ మౌంటెన్ తెగ తరఫున ఆ విధానంతో పోరాడిన తన తాతగారి జీవితం ఆధారంగా ఎర్‌డ్రిక్ ఈ నవల రాశారు. ఈపాటి చెబితే, రాత్రి కాపలా కాస్తూ ఉత్తరాలు రాసే థామస్ ఎందుకు నిద్ర కాచుకుంటున్నాడో మొదటి పేజీల నుంచే మనసుకు పడుతుంది. పర్సివల్ ఎవరెట్ ‘జేమ్స్’ (2024) ఇచ్చేటప్పుడు, అది మార్క్ ట్వైన్ ‘హకల్‌బెరీ ఫిన్’ కథను బానిస జిమ్ వైపు నుంచి చెబుతుందని తప్పక చెప్పండి. ట్వైన్ నవల ముందు చదివితే ఆనందం రెట్టింపవుతుంది, చదవకపోయినా పుస్తకం తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. తెల్లవారి ముందు ఒక భాష, తనవారి మధ్య మరో భాష మాట్లాడే జిమ్‌ను మొదటి అధ్యాయాల్లోనే చూస్తాం కాబట్టి, యాస కష్టంగా ఉన్న చోట కంగారు పడవద్దని, గట్టిగా పైకి చదివితే తేలికగా అర్థమవుతుందని ఒక మాట అనండి.

రూపానికి సంబంధించిన చిన్న చిన్న హెచ్చరికలు ఎంతో మేలు చేస్తాయి. మెకార్తీ ‘ద రోడ్’ (2006)లో కూడా కొటేషన్ మార్కులు లేవు. అయినా మాట్లాడేది చాలావరకు ఇద్దరే, తండ్రీ కొడుకూ, కాబట్టి పది పేజీల్లో కన్ను అలవాటు పడుతుంది. ఆ మిత్రుడికి నేను ముందుగా ఇవ్వవలసింది ఇదే. రుల్ఫో ‘పెడ్రో పారమో’ (1955) చాలా చిన్న పుస్తకం, అలాగని ఒక్క సాయంత్రంలో ముగించమని చెప్పకండి. తండ్రిని వెతుక్కుంటూ కోమాలా అనే ఊరికి వెళ్లిన కొడుకు చుట్టూ గొంతులు మారుతూ ఉంటాయి. మాట్లాడుతున్నది ఎవరో తెలియనప్పుడు పేజీలు వెనక్కి తిప్పకుండా ముందుకే పొమ్మనాలి. అట్‌వుడ్ ‘ద హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ (1985) చివర చారిత్రక వివరణల పేరుతో ఒక భాగం ఉంటుంది. చూడటానికి అనుబంధంలా ఉండటం వల్ల చాలామంది దాన్ని వదిలేస్తారు. అది నవలలో భాగమేనని, అంతకుముందు చదివినదంతా అక్కడ మరో వెలుగులో కనిపిస్తుందని చెప్పండి. అందులో ఏముందో చెప్పకండి.

బాధ కలిగించే విషయాల గురించి మొహమాటం లేకుండా చెప్పాలి. వైట్‌హెడ్‌దే మరో నవల ‘ద నికెల్ బాయ్స్’ (2019) ఫ్లోరిడాలో నిజంగా నడిచిన ఒక బాలల సంస్కరణ పాఠశాల ఆధారంగా రాసినది. 2011లో మూతపడిన ఆ బడి ఆవరణలో గుర్తులు లేని సమాధులు బయటపడ్డాయి. పిల్లలను హింసించే సన్నివేశాలు ఉన్నాయని చెప్పడం వల్ల కథ గుట్టు బయటపడదు. వినేవారు ఇటీవలే ఏదైనా దుఃఖంలో ఉంటే ఈ పుస్తకాన్ని కొన్నాళ్లు వాయిదా వేయండి.

బహుమతుల సంగతి క్లుప్తంగా చెబుతాను. పులిట్జర్, నేషనల్ బుక్ అవార్డ్, కెనడాలో 1994 నుంచి ఇస్తున్న గిల్లర్ మనకు జ్ఞాపకానికి సాయపడతాయి గాని, “దీనికి పులిట్జర్ వచ్చింది” అన్నది పుస్తకం చదవడానికి కారణం కాదు. 1974లో నిర్ణేతలు ముగ్గురూ ఒకే నవలను సూచించినా బోర్డు ఒప్పుకోకపోవడంతో కాల్పనిక సాహిత్యానికి పులిట్జర్ ఎవరికీ ఇవ్వలేదు. 2012లో కూడా ఇవ్వలేదు. పైగా ఆ బహుమతి 2024 దాకా అమెరికన్ పౌరులకే పరిమితమైంది కాబట్టి కెనడా, మెక్సికో నవలలు ఆ జాబితాలో దాదాపు దొరకవు. అమెరికాలో పుట్టి కెనడాలో స్థిరపడిన కారొల్ షీల్డ్స్ ‘ద స్టోన్ డైరీస్’ (1993) మాత్రం కెనడా గవర్నర్ జనరల్ అవార్డునూ, పులిట్జర్‌నూ రెండింటినీ అందుకుంది.

ఒకసారికి ఒక్క పుస్తకమే చెప్పండి. ఐదు పేర్లు రాసి ఇస్తే ఆ కాగితం ఎక్కడో పడిపోతుంది. చెప్పిన తరవాత మూడు నాలుగు వారాలు అడగవద్దు. అడిగినప్పుడు కూడా “నచ్చిందా” అనకుండా “ఎక్కడిదాకా వచ్చారు” అనండి. నచ్చలేదని చెప్పడానికి మొహమాటపడేవారు కూడా ఎక్కడ ఆగిపోయారో చెబుతారు, ఆ చోటును బట్టి తరవాతి పుస్తకం ఏదో మనకు తెలుస్తుంది. వదిలేశామని చెప్పినవారిని బతిమాలవద్దు, పుస్తకం తరఫున వాదించవద్దు.

పూర్తిచేసి, ఇంకా కావాలన్నవారికి ముందు అదే రచయిత రాసిన మరో పుస్తకం చూడండి, అయితే క్రమం ఆలోచించి చెప్పండి. ‘గిలియడ్’ నచ్చినవారికి ‘హోమ్’ (2008) ఇవ్వాలి, ఎందుకంటే అందులో అవే రోజులు, అదే ఊరు, పాస్టరుగారి స్నేహితుడి ఇంట్లోంచి కనిపిస్తాయి; ఉత్తరంలో ఆయన అనుమానంగా చూసిన జాక్ అనే మనిషి అక్కడ అన్నగా, కొడుకుగా మన ముందు కూర్చుంటాడు. ఆ తరవాత పాస్టరుగారి భార్య కథ ‘లైలా’ (2014), అన్నిటికంటే చివర ‘జాక్’ (2020). మొదటి రెండింటి మధ్య ఎక్కువ కాలం గడవకుండా చూసుకోమనండి, లేకపోతే ఒకే సంభాషణ రెండు ఇళ్లలో ఎంత వేరుగా వినిపిస్తుందో పోల్చుకునే అవకాశం పోతుంది.