టాలరెన్స్ బిగిస్తే ఖర్చు ఎక్కడ పెరుగుతుంది? సమస్యలు - పరిష్కారాలు

సమస్య: పార్టు మామూలుదే, కొటేషన్ మాత్రం మీ లెక్కకు రెట్టింపు వచ్చింది.

ముందు డ్రాయింగ్‌లో టైటిల్ బ్లాక్ (మూలన వివరాలు రాసే గడి) చూడండి. ఏదో పాత డ్రాయింగ్ నుంచి కాపీ అయిన ±0.05 మి.మీ. టాలరెన్స్ (కొలతలో అనుమతించే తేడా) అక్కడే ఉండిపోయి ఉంటుంది, దాంతో ఊరికే గాలి ఆడటానికి పెట్టిన రంధ్రానికి కూడా అదే వర్తిస్తుంది, వర్క్‌షాప్ వాళ్లు దానికీ డబ్బు లెక్కగడతారు. విడిగా టాలరెన్స్ రాయని కొలతలకు వాడే ఐఎస్ఓ 2768 ప్రమాణం మీడియం క్లాస్ ప్రకారం 30 నుంచి 120 మి.మీ. లోపు కొలతకు ±0.3 ఉంటుంది, చాలా కొలతలకు అది సరిపోతుంది. బేరింగ్ కూర్చునే చోటు, సీల్ ఆనే చోటు లాంటి వాటికే విడిగా టాలరెన్స్ రాయండి.

సమస్య: కొంచెమే బిగించాం, ధర ఒక్కసారిగా ఎగిరింది.

ఖర్చు మెల్లగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. 20 మి.మీ. రంధ్రమే తీసుకోండి. హెచ్11 (రంధ్రాల టాలరెన్స్ గ్రేడ్, నంబర్ తగ్గేకొద్దీ బిగుతు) అంటే 130 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మి.మీ.లో వెయ్యో వంతు) వెసులుబాటు, డ్రిల్‌తో అయిపోతుంది. హెచ్7 అంటే 21 మైక్రాన్లు, డ్రిల్ తర్వాత రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన సైజుకు తెచ్చే టూల్) కావాలి. హెచ్5కి వచ్చేసరికి 9 మైక్రాన్లే, ఇక రాయితో అరగదీసే గ్రైండింగో హోనింగో తప్పదు, అంటే ఇంకో మెషీన్, ఇంకో సెటప్. ఎలాగూ రీమర్ వేస్తున్నప్పుడు హెచ్8ని హెచ్7 చేస్తే పెద్దగా తేడా రాదు. అందుకే "టాలరెన్స్ సగం చేస్తే ఇంత శాతం" అనే ఫార్ములాలను నేను నమ్మను. కొత్తగా ఏ ఆపరేషన్ చేరుతోందో అడిగి, దాని సెటప్ టైమ్, సైకిల్ టైమ్, టూల్ ఖర్చు కలపండి.

సమస్య: ధర సరిగ్గానే వేశాం, స్క్రాప్ మింగేసింది.

మెషీన్ వేరియేషన్‌ను లెక్కలోకి తీసుకోలేదన్నమాట. సిగ్మా (కొలతల చెదురుబాటు, అంటే స్టాండర్డ్ డీవియేషన్) 0.025 మి.మీ. ఉన్న మెషీన్‌కు ±0.05 ఇస్తే, సెట్టింగ్ సరిగ్గా మధ్యలో ఉన్నా దాదాపు 4.5 శాతం పార్టులు బయటికి పోతాయి. పైగా బోర్ (రంధ్రం) పెద్దదైతే స్క్రాపే, చిన్నదైతే మళ్లీ కోసుకోవచ్చు, కాబట్టి ఆపరేటర్ కావాలనే చిన్న సైజు వైపు సెట్ చేస్తాడు, అప్పుడు రీవర్క్ పెరుగుతుంది. ఒక్కో పార్టు ఖర్చును మంచి పార్టుల శాతంతో భాగించి, రీవర్క్ టైమ్ విడిగా కలపండి.

సమస్య: వాళ్ల దగ్గర పాస్, మన దగ్గర రిజెక్ట్.

కొలతల ప్రామాణిక ఉష్ణోగ్రత 20 డిగ్రీలు. 100 మి.మీ. స్టీల్ ముక్క 5 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 6 మైక్రాన్లు పెరుగుతుంది, అల్యూమినియం అయితే దానికి రెట్టింపు. మెషీన్ మీద నుంచి అప్పుడే తీసిన పార్టును కొలవకండి. 0.02 లీస్ట్ కౌంట్ (చదవగలిగే అతి చిన్న కొలత) ఉన్న వెర్నియర్‌తో ±0.01 తేల్చడం కుదరదు, గేజ్ ఖర్చూ ఇన్‌స్పెక్షన్ టైమూ అంచనాలోనే ఉండాలి.

సమస్య: అన్నీ పాసైనా అసెంబ్లీ కూర్చోవట్లేదు.

నాలుగు పార్టులు, ఒక్కోటి ±0.1 అనుకుంటే, అన్నీ ఒకే వైపు పోతే ±0.4 తేడా వస్తుంది. నాలుగింటినీ బిగించకండి, లేత్ మీద తేలిగ్గా పట్టుకోగలిగిన ఒక్కదాన్నే బిగించండి, అదీ చాలకపోతే ఒక షిమ్ (సందు పూడ్చే పల్చటి రేకు) పెట్టండి.