వీకెండ్‌లో యార్క్ చూసి రావడం ఎలా: నల్లగొండ నుంచి వచ్చిన స్టూడెంట్లకు

మా నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ వైపు నుంచి ఇంగ్లండ్ వచ్చిన తమ్ముళ్లు, చెల్లెళ్లు రెండో నెల నిండకముందే అడిగే మాట ఒకటుంది: "అన్నా, రెండు రోజుల్లో, తక్కువ ఖర్చుతో ఎటు పోదాం?" అందరూ ముందు లండన్ అంటారు. నేనూ అట్లనే పోయాను. పదకొండు చోట్ల పేర్లు రాసుకుని వెళ్లి, సగం టైమ్ భూమి కింద రైళ్లలోనే గడిపి, బిగ్ బెన్ ముందు ఒక ఫొటో దిగి, కాళ్లు వాచి తిరిగొచ్చాను. అందుకే మొదటి వీకెండ్‌కు ఈ చివర నుంచి ఆ చివరకు నడిచి తిరగగలిగే చిన్న పాత ఊరు పట్టుకోమంటాను. నాకు అలా దొరికింది యార్క్. నేను చదివే మిడిల్స్‌బ్రో నుంచి రైల్లో దాదాపు గంట, లీడ్స్ నుంచైతే అరగంట.

ముందు చూసుకోవాల్సింది టికెట్ కాదు, షిఫ్ట్. మనలో చాలామందికి పని దొరికేదే శని, ఆదివారాల్లో. రెండు వారాల ముందే మేనేజర్‌కు చెప్పి ఆ గంటలు వారం మధ్యలోకి మార్పించుకోండి. కాకపోతే క్లాసులు నడిచే రోజుల్లో మన వీసా మీద వారానికి 20 గంటలే, ఆ వారం లెక్క సోమవారం నుంచి ఆదివారం దాకా. "పోయిన వారం తక్కువ చేశా కదా, ఈ వారం 26 చేస్తా" అంటే కుదరదు, ట్రిప్ కోసం వీసాతో ఆటలొద్దు.

తర్వాత రైల్‌కార్డ్. 16-25 రైల్‌కార్డ్ ఏడాదికి 35 పౌండ్లు, చాలా టికెట్ల మీద మూడో వంతు తగ్గుతుంది, నాలుగైదు ప్రయాణాల్లో పెట్టిన డబ్బు వచ్చేస్తుంది. పేరు చూసి 26 దాటినవాళ్లు మాకు రాదనుకుని వదిలేస్తున్నారు. ఫుల్ టైమ్ చదువుతుంటే వాళ్లకూ ఇస్తారు, యూనివర్సిటీ నుంచి కన్ఫర్మేషన్ ఒకటి పెట్టాలి, అంతే. బీటెక్ అయ్యాక రెండు మూడేళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి మాస్టర్స్‌కు వచ్చినవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కార్డు ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు, చార్జింగ్ అయిపోతే చూపించడానికి ఏమీ ఉండదు.

టికెట్ ముందుగా కొంటే చవక. దాన్ని అడ్వాన్స్ టికెట్ అంటారు, కానీ అది మీరు బుక్ చేసుకున్న ఆ ఒక్క బండికే పనికొస్తుంది. ఈ సంగతి నాకు డబ్బు పోయాకే ఎక్కింది. నల్లగొండ స్టేషన్‌లో జనరల్ టికెట్ కొని ఏ బండి ముందొస్తే ఆ బండి ఎక్కే అలవాటు మనది. అరగంట ముందు స్టేషన్‌కు చేరాం, యార్క్ బండి ఎదురుగా నిలబడి ఉంది, ఖాళీగా కూడా ఉంది, ఇంకేం, ఎక్కి కూర్చున్నాం. టికెట్ చెక్ చేసే ఆయన నవ్వుతూనే వచ్చాడు, నవ్వుతూనే కొత్త టికెట్ చేతిలో పెట్టి పూర్తి డబ్బులు తీసుకున్నాడు. నా రూమ్మేట్‌ది కోదాడ, వాడు దిగేదాకా నాతో మాట్లాడలేదు, ఎందుకంటే "ఏం కాదు, ఎక్కరా" అన్నది నేనే.

పడుకోవడానికి హాస్టల్ బెడ్ చాలు. హాస్టల్ అనగానే ఇంటర్ రోజులు గుర్తొచ్చి భయపడకండి, ఇక్కడ ఒక గదిలో ఆరో ఎనిమిదో మంచాలుంటాయి, కింద వంటగది ఉంటుంది. తాళం, తువ్వాలు మీవే తీసుకెళ్లండి. పాస్‌పోర్ట్ వివరాలు అడుగుతారు. ఆగస్టులో గుర్రప్పందాల వారం, నవంబర్ డిసెంబర్లలో క్రిస్మస్ మార్కెట్ శనివారాలు వద్దు, రేట్లు పెరుగుతాయి, వీధిలో అడుగు పడదు. పైగా డిసెంబర్‌లో నాలుగు కాకముందే చీకటి. జూన్‌లో రాత్రి తొమ్మిదైనా వెలుతురే. నన్నడిగితే మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో వెళ్లండి, కోటగోడ కింద గట్టంతా పసుపుపచ్చ డాఫొడిల్స్ పూసి ఉంటాయి.

శనివారం పొద్దున దిగగానే స్టేషన్ ఎదురుగానే గోడ కనిపిస్తుంది. మెట్లెక్కేయండి. మొత్తం దాదాపు 3.4 కిలోమీటర్లు, టికెట్ లేదు, చీకటి పడే వేళకు మూసేస్తారు. ఈ ఊరిని క్రీ.శ. 71లో రోమన్లు దండు విడిదిగా మొదలుపెట్టారు, 306లో కాన్‌స్టాంటైన్‌ను చక్రవర్తిగా ప్రకటించింది ఇక్కడే, 866లో స్కాండినేవియా నుంచి ఓడల్లో వచ్చిన వైకింగులు పట్టుకున్నారు. చాలా వీధుల పేర్లు వాళ్లు వదిలిపోయినవే. ఇక్కడ 'గేట్' అంటే వీధి, కోట దర్వాజను 'బార్' అంటారు, కాబట్టి మిక్‌ల్‌గేట్ బార్ అని బోర్డు కనిపిస్తే మందు దొరికే చోటనుకుని లోపలికి దూరకండి. 1460లో ఇంగ్లండ్ సింహాసనం కోసం పోరాడిన యార్క్ డ్యూక్ రిచర్డ్ తల నరికి ఆ దర్వాజ మీదే పెట్టారు. గోడ మీద బాట సన్నగా ఉంటుంది, చాలా చోట్ల లోపలి వైపు కటకటాలు లేవు. వాన పడితే రాళ్లు జారతాయి, నున్నటి అడుగుల బూట్లు వేసుకోకండి. ఎదురుగా ఎవరైనా వస్తే ఒకరు గోడకు ఒదిగి నిలబడాల్సిందే. ఒక చోట గోడే తెగిపోతుంది, తప్పిపోయామని కంగారుపడొద్దు, పాతకాలంలో అక్కడ చిత్తడి మడుగు ఉండేది, దాన్ని దాటి శత్రువు రాడని గోడ కట్టలేదు.

అక్కడి నుంచే అమ్మకు వీడియో కాల్ చేశాను. "ఏం చూస్తున్నవ్ బిడ్డా?" అంది. గోడ అన్నాను. "గోడ చూడనీకి గంత దూరం పోయినవా? దేవరకొండ ఖిల్లకు పోదాం రమ్మంటే ఎండ అంటివి" అని పెట్టేసింది.

తర్వాత మిన్‌స్టర్, అంటే పెద్ద చర్చి. ఇప్పుడున్న కట్టడం 1220లో మొదలై 1472 దాకా సాగింది. మన సూర్యాపేట పక్క పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం 1208 నాటిది, అంటే మన గుడే పన్నెండేళ్లు పెద్దది. లోపలికి టికెట్ ఉంది, స్టూడెంట్ ఐడీ చూపించండి. ఇది శనివారమే చూసేయండి, ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి కాబట్టి చూసేవాళ్లను మధ్యాహ్నం గానీ రానివ్వరు. తూర్పు వైపు అద్దాల కిటికీ దగ్గర కనీసం పావుగంట కూర్చోండి. 1405లో జాన్ థోర్న్‌టన్ అనే పనివాడితో మూడేళ్లలో పూర్తిచేయాలని ఒప్పందం రాసుకున్నారు, మొత్తం కలిపి 56 పౌండ్లు, అందులో పది పౌండ్లు టైమ్‌కు ముగిస్తే ఇచ్చేవి. 1408కి ముగించాడు. ఆ డబ్బుకు ఇప్పుడు మన రూమ్ వారం అద్దె కూడా రాదు. గోపురం ఎక్కడానికి 275 మెట్లు, మెట్ల దారి ఇరుకు, ఊపిరాడనట్టు అనిపించేవాళ్లు కిందే ఉండండి. టికెట్ దండగ అనుకుంటే సాయంత్రం జరిగే ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు వెళ్లండి, దానికి టికెట్ లేదు, ఏ మతం వాళ్లయినా కూర్చోవచ్చు. ఫోన్ మాత్రం జేబులోనే.

షాంబుల్స్ అనే వీధి పేరు వినే ఉంటారు. శనివారం మధ్యాహ్నం వెళ్తే జనం వీపులే కనిపిస్తాయి. నేను హాస్టల్‌లో పడుకోమన్నది దీని కోసమే. ఆదివారం ఏడింటికి లేచి వెళ్లండి. ఒకప్పుడు అది మాంసం కొట్టేవాళ్ల వీధి. షాపుల ముందు మాంసం వేలాడదీసిన ఇనుప కొక్కేలు, కిటికీల కింద వెడల్పాటి చెక్క పలకలు ఇంకా ఉన్నాయి. పై అంతస్తులు ముందుకు వంగి ఒకదానికొకటి దగ్గరగా వస్తాయి, తలెత్తితే ఆకాశం సన్నటి చీలికలా కనిపిస్తుంది.

వాన మొదలైతే స్టేషన్ వెనక నేషనల్ రైల్వే మ్యూజియంకు వెళ్లండి, ప్రవేశం ఉచితం. 1938లో గంటకు 126 మైళ్ల వేగంతో ఆవిరి ఇంజిన్ల రికార్డు కొట్టిన మల్లార్డ్ అక్కడుంది, జపాన్ బుల్లెట్ రైలు కూడా ఉంది, లోపల కూర్చోవచ్చు. వైకింగ్ మ్యూజియం పిల్లలతో వెళ్లేవాళ్లకు బాగుంటుంది, మనకు అంత అక్కర్లేదు. మట్టిదిబ్బ మీది క్లిఫర్డ్స్ టవర్ దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగండి, 1190లో అల్లరిమూక చుట్టుముట్టడంతో ఊళ్లోని యూదులు దాదాపు 150 మంది ప్రాణాలు పోయింది అక్కడే.

తిండికి శుక్రవారం రాత్రే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి, శనివారం రెండు పూటలకు వస్తుంది. మా రూమ్మేట్ వాళ్లమ్మ పంపిన సకినాలు గోడ మీద కూర్చుని తింటుంటే పక్కనున్న పెద్దాయన ఒకటి అడిగి తీసుకుని, "గట్టిగా ఉంది" అని ఇంకోటి తీసుకున్నాడు. ఆదివారానికి సూపర్ మార్కెట్‌లో మీల్ డీల్ చాలు, అంటే సాండ్‌విచ్, చిరుతిండి, డ్రింక్ కలిపి ఒకే రేటుకు ఇచ్చేది. నీళ్లు కొనొద్దు, కుళాయి నీళ్లే తాగొచ్చు.

తిరుగు ప్రయాణం టికెట్ కొనేముందు ఆదివారం ఆ లైన్‌లో పనులేమైనా ఉన్నాయేమో చూసుకోండి. ఇక్కడ పట్టాల పనులు ఎక్కువగా ఆదివారాలే పెడతారు, అప్పుడు రైలుకు బదులు బస్సు ఎక్కిస్తారు, గంట దారి రెండు గంటలవుతుంది. రాత్రి ఎనిమిదిలోపు రూమ్‌కు చేర్చే బండి చూసుకోండి. సోమవారం పొద్దున క్లాసులో అటెండెన్స్ వేయించుకోవాలి, కాళ్లేమో మెట్లు దిగేటప్పుడు తిడుతుంటాయి.