కార్నర్‌బ్యాక్ కావాలంటే ముందు వెనక్కి పరిగెత్తు

మహబూబ్‌నగర్‌లో మా గ్రౌండ్‌కు వచ్చే పిల్లలకు నేను మొదట నేర్పేది వెనక్కి పరిగెత్తడం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో, ప్రత్యర్థి జట్టువాడు బంతి అందుకోకుండా కాపు కాసే కార్నర్‌బ్యాక్‌కు అదే ప్రాణం. విసిరిన బంతిని అందుకోవడానికి దూసుకొచ్చే రిసీవర్‌ను చూస్తూనే వెనక్కి కదలాలి.

మోకాళ్లు వంచు, ఛాతీ ముందుకు వాల్చు, బరువు మునివేళ్ల మీద ఉంచు. మడమల మీద బరువు పడిందా, తూలిపోతావు. అడుగులు చిన్నగా, నేలను రాసుకుంటూ పడాలి. చూపు అవతలివాడి నడుము మీదే ఉండాలి. తల, భుజాలు ఊపి ఎంతైనా మోసం చేస్తాడు కానీ, నడుము తిరిగిన వైపే మనిషి వెళ్తాడు. అది తిరగగానే నువ్వూ తిరిగి పరుగందుకో. కబడ్డీలో కార్నర్ ఆడిన పిల్లలకు ఈ చూపు చప్పున పట్టుబడుతుంది, అందుకే వాళ్లను ప్రత్యేకంగా పిలిపిస్తాను.

పొట్టిగా ఉన్నానని దిగులొద్దు. 5 అడుగుల 9 అంగుళాల అమెరికా కార్నర్‌బ్యాక్ డారెల్ గ్రీన్ 1983 నుంచి 2002 దాకా వాషింగ్టన్ జట్టుకే 20 సీజన్లు ఆడాడు. ప్రత్యర్థి విసిరిన బంతిని 54 సార్లు మధ్యలోనే పట్టేశాడు.

హెల్మెట్, ప్యాడ్లు లేకుండా టాకిల్ ఆట, అంటే మనిషిని పట్టి పడేసే ఆట మాత్రం వద్దు. జట్టుకు ఐదుగురితో ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడండి, అందులో మనిషిని పడేయక్కర్లేదు, బంతి ఉన్నవాడి నడుముకున్న పట్టీ లాగితే చాలు. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో ఆడేది అదే. మన పాలమూరు ఎండలకు మే నెలలో ఉదయం ఏడులోపే ప్రాక్టీస్ ముగించండి.