లక్ష్యం చేరాక మీకు మీరే బహుమతి ఇచ్చుకోవడం ఎలా?

కొన్నేళ్ల క్రితం పర్సనల్ లోన్ తీరిపోయిందన్న సంతోషంలో ఒక ఫోన్ కొన్నాను. అదీ ఈఎంఐలో! అప్పు తీరిన పండగకి మళ్లీ అప్పు చేశానని ఇంట్లో ఇప్పటికీ ఆటపట్టిస్తారు. ఆ తర్వాత పద్ధతి మార్చుకున్నాను.

1. లక్ష్యం, బహుమతి ఒకే రోజు రాసుకోండి. ‘బాగా పొదుపు చేయాలి’ అనుకుంటే అది ఎప్పటికీ పూర్తవదు. ‘వచ్చే ఉగాదికి అత్యవసర ఖర్చుల కోసం 1,20,000 రూపాయలు’ అని రాయండి. పక్కనే ‘విశాఖ నుంచి రైల్లో అరకు, 6,000 లోపు’ అని కూడా రాయండి. చేతిలో డబ్బు పడ్డాక ఆలోచిస్తే ఆ 6,000 ఇట్టే 20,000 అవుతుంది.

2. బహుమతి డబ్బు విడిగా దాచండి. పొదుపుకి నెలకు 10,000, అరకుకి 500. ఈ 500ను ఆర్‌డీలో (నెలనెలా ఒకే మొత్తం జమచేసే రికరింగ్ డిపాజిట్‌లో) వేస్తే ఖర్చు చేయడానికి చేతికి అందదు. పోస్టాఫీసు ఆర్‌డీ నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టొచ్చు కానీ దాని గడువు ఐదేళ్లు. ఏడాది లక్ష్యానికి బ్యాంకు ఆర్‌డీయే నయం.

3. సగం దారిలో చిన్న బహుమతి పెట్టుకోండి. 60,000 దగ్గరికి వచ్చేసరికి విసుగు పుడుతుంది. ఒక బిర్యానీ చాలు. ఆ రోజు ఇంట్లో వంట చేసేవాళ్లకి సెలవు. సరుకుల ఖర్చు తగ్గించి ఈ పొదుపు నిలబెట్టింది చాలాసార్లు వాళ్లే కదా!

4. గృహరుణం తీర్చినవాళ్లు స్వీట్లకన్నా ముందు కాగితాలు తెచ్చుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం అప్పు పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఆస్తి ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలి. బ్యాంకు వల్లే ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఎన్‌ఓసీ, అంటే ఇక బాకీ ఏమీ లేదని బ్యాంకు రాసిచ్చే పత్రం కూడా అడిగి తీసుకోండి.

బంగారం కొంటే బహుమతీ, పొదుపూ రెండూ అవుతాయని మా ఇంట్లో వాదన. నగ అయితే తరుగు, మజూరీ, జీఎస్టీ కింద కొన్న రోజే కొంత పోతుంది. ముచ్చటపడి కొనుక్కోండి, కానీ పొదుపు లెక్కలో రాయకండి.

5. అరకు నుంచి వచ్చాక నెలవారీ 10,000 ఆపకండి. పాత తేదీకే కొత్త లక్ష్యానికి వెళ్లేలా బ్యాంకు యాప్‌లో ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టేయండి. ఆ పని రైలెక్కే ముందే అయిపోతే ఇంకా మంచిది. తిరిగొచ్చాక బట్టలు ఉతుక్కోవడానికే ఓపిక ఉండదు.