గ్లకోమాకు ఫీల్డ్ టెస్ట్: సరిగ్గా చేయించుకోవడం, రిపోర్టు చదవడం

కంటి నరం దెబ్బతినే జబ్బయిన గ్లకోమాలో ముందు పోయేది సాధారణంగా పక్క చూపు. పోయిన చోట నల్లమచ్చేమీ కనబడదు. చుట్టూ ఉన్నదాన్ని బట్టి మెదడు ఆ ఖాళీని పూడ్చేస్తుంది, మిగతాది రెండో కన్ను సర్దేస్తుంది. బోర్డు మీద చివరి వరుస అక్షరాలు తడుముకోకుండా చదివేవారి ఫీల్డ్‌లోనూ (కంటికి కనబడే మొత్తం పరిధిలోనూ) సగం దాకా లోపం ఉండవచ్చు. అందుకే ఒక కన్ను మూసి, రెండో కంటితో చేసే ఫీల్డ్ టెస్ట్ కావాలి; ఆ పరిధిలో ఎక్కడెక్కడ ఎంత కనబడుతుందో అది కొలుస్తుంది. ఇది మనిషి ఇచ్చే జవాబుల మీద నడిచే పరీక్ష కాబట్టి, ఎలా చేశారన్నదాన్ని బట్టే ఫలితానికి విలువ.

ఎక్కువగా వాడే హంఫ్రీ యంత్రంలో 24-2 అనే నమూనా 54 చోట్ల చూపును కొలుస్తుంది. చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం 6 డిగ్రీలు. ఈ 54లో నడిమి 10 డిగ్రీల లోపల పడేవి 12 మాత్రమే. చదువుకోవడానికి, మనుషుల్ని గుర్తుపట్టడానికి పనికొచ్చేది ఆ నడిమి భాగమే. అక్కడ దెబ్బ ఉందని అనుమానం వస్తే 10-2 కూడా చేయించాలి. అందులో 2 డిగ్రీల ఎడంతో 68 చుక్కలుంటాయి. 24-2 బాగుందని 10-2ను పక్కన పెట్టేయడం తరచూ జరిగే పొరపాటు.

కూర్చునే ముందు

పుట్టిన తేదీ సరిగ్గా ఎక్కించారో లేదో చూసుకోండి. యంత్రం మీ చూపును మీ వయసువాళ్ల చూపుతో పోలుస్తుంది. వయసు తప్పయితే పోలికే తప్పు. ఇంట్లో వాడే ప్రోగ్రెసివ్, బైఫోకల్ అద్దాలతో ఈ పరీక్ష చేయకూడదు. దూరపు పవరుకి, వయసును బట్టి దగ్గరి పవరు కలిపి, సన్నటి అంచున్న లెన్సును యంత్రానికే తగిలిస్తారు. అది కంటికి దూరంగా ఉన్నా, కంటికి ఎదురుగా లేకపోయినా ఆ అంచే అడ్డుపడి, ఫీల్డ్ అంచుల్లో చూపు పోయినట్టు చూపిస్తుంది. పై రెప్ప వాలిపోతుంటే టేపుతో పైకి అంటించమని అడగండి. కనుపాప 3 మిల్లీమీటర్ల కంటే చిన్నదైతే మొత్తం ఫీల్డ్ మసకబారినట్టు రావచ్చు. ఒకసారి పాప పెద్దదిగా, మరోసారి చిన్నదిగా ఉన్నప్పుడు చేసిన రెండు పరీక్షలను పోల్చి లాభం లేదు.

లోపల జరిగేది

నడుమ ఉన్న గుర్తునే చూస్తూ ఉండాలి. వెలుగు ఎక్కడ మెరిసిందా అని కన్ను తిప్పకూడదు. మెరిసినట్టు అనిపిస్తే, ఎంత మసకగా ఉన్నా సరే, బటన్ నొక్కండి. చాలామంది కంగారుపడేది ఇక్కడే: చాలాసేపు ఏమీ కనబడదు. కంటికి ఆనే కనీస వెలుగు ఎంతో యంత్రం వెతుకుతుంది కాబట్టి, ఆరోగ్యంగా ఉన్న కంటికి కూడా దాదాపు సగం వెలుగులు అందవు. కనబడకపోతే ఊరుకోవాలి, ఊహించి నొక్కకూడదు. రెప్ప వేయవచ్చు; బటన్ నొక్కిన వెంటనే వేస్తే వెలుగేదీ తప్పిపోదు. అలసిపోతే బటన్‌ను నొక్కి పట్టుకోండి, పరీక్ష ఆగుతుంది.

రిపోర్టు చదివే వరుస

బూడిదరంగు బొమ్మ మీదే అందరి కళ్లూ పడతాయి. దాన్ని చివరికి వదిలేయండి. అది చుక్కల మధ్య ఖాళీలను అంచనాతో నింపి గీసింది. ముందు నమ్మదగినదో కాదో చూడాలి. కనబడకుండానే నొక్కినవి, అంటే ఫాల్స్ పాజిటివ్‌లు, 15 శాతం దాటితే ఫలితం ఉన్నదానికంటే మెరుగ్గా వచ్చినట్టే. చూపు నడిమి గుర్తు మీద నిలవనివి 20 శాతం దాటినా అనుమానించాలి. అయితే బ్లైండ్ స్పాట్‌ను (కంటి నరం బయటికి వెళ్లే చోట ప్రతి కంటికీ సహజంగా ఉండే చూపులేని మచ్చను) యంత్రం సరిగ్గా గుర్తించకపోయినా ఈ లెక్క పెరుగుతుంది.

తర్వాత ప్యాటర్న్ డీవియేషన్ పటం. శుక్లం లాంటి వాటివల్ల మొత్తంగా వచ్చిన మసకను తీసేసి, అక్కడక్కడా చూపు తగ్గిన చోట్లను ఇది చూపిస్తుంది. పక్కపక్కనే ఉన్న 3 లేదా అంతకంటే ఎక్కువ చుక్కలు 5 శాతం స్థాయికి (అంటే ఆ వయసు ఆరోగ్యవంతుల్లో వందకు ఐదుగురిలోపే అంత తక్కువగా ఉండే స్థాయికి) దిగువన ఉండి, వాటిలో కనీసం ఒకటి 1 శాతం కంటే దిగువన ఉంటే గ్లకోమాను అనుమానిస్తారు. ఆ లోపం పటం మధ్యలోని అడ్డగీతను దాటదు: ముక్కువైపు మెట్టులా, లేదా బ్లైండ్ స్పాట్ నుంచి విల్లులా వంగి, పై సగంలోనో కింది సగంలోనో ఆగుతుంది. నరాల పోగులు రెటీనాలో అలా చీలి వెళ్లడమే దానికి కారణం. నిలువు గీత దగ్గర తెగినట్టు ఆగిందంటే గ్లకోమా కాకపోవచ్చు, మెదడువైపు వెతకాలి. పైన మాత్రమే అంచున లోపముంటే రెప్పను, నాలుగు రేకుల పువ్వులా మధ్యలో మాత్రమే చూపు మిగిలితే అలసటనో శ్రద్ధ తప్పడాన్నో ముందు అనుమానించండి.

మీన్ డీవియేషన్ అంటే మీ వయసువాళ్లతో పోలిస్తే మొత్తం ఫీల్డ్ సగటున ఎంత తగ్గిందో చెప్పే అంకె; అది డెసిబెల్స్‌లో వస్తుంది. మైనస్ 6 దాకా తొలి దశ, మైనస్ 6 నుంచి మైనస్ 12 దాకా మధ్యస్థం, అంతకంటే దిగజారితే తీవ్రం అని లెక్క. బాగా ముదిరిన కంట్లో ప్యాటర్న్ పటం మోసం చేస్తుంది: అంతా పోవడం వల్ల తేడాలు కనబడక శుభ్రంగా ఉన్నట్టు వస్తుంది. అప్పుడు మసకను తీసేయకుండా ప్రతి చుక్క దగ్గరా ఉన్న తేడాను చూపే టోటల్ డీవియేషన్ పటాన్నే చూడాలి.

ఒక్క పరీక్షతో ఏదీ తేల్చకండి. మొదటిసారి నేర్చుకోవడంలోనే గడిచిపోతుంది, రెండోసారి బాగుపడినట్టు కనిపించడం మామూలే. కొత్తగా కనబడిన లోపం అదే చోట మళ్లీ వస్తేనే నమ్మాలి, పైగా అది కంటి నరం రూపంతో, నరాల పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్‌తో సరిపోలాలి. వేగంగా ముదిరే గ్లకోమాను పట్టడానికి, కొత్తగా గుర్తించినవారికి మొదటి 2 ఏళ్లలో 6 పరీక్షలు మేలని నిపుణుల సూచన. ప్రతిసారీ అదే యంత్రం, అదే నమూనా, అదే పద్ధతి వాడమనండి. సిటా స్టాండర్డ్ అనే కొలత పద్ధతితో మొదలుపెట్టి మధ్యలో దానికంటే త్వరగా ముగిసే సిటా ఫాస్ట్‌కి మారితే చూపు నిజంగా తగ్గిందో, పద్ధతి మారిందో తేల్చడం కష్టం. పాత రిపోర్టులను తేదీల వరుసలో దాచి, వైద్యుణ్ని మార్చినప్పుడు కూడా వెంట తీసుకెళ్లండి.