హోమ్‌పేజీని కాదు, లైసెన్సు ఫైలును నమ్మండి

మా ఐదుగురి బృందం ఒక డేటా సాధనాన్ని ఆధారం చేసుకుని ఎనిమిది నెలల పాటు ఒక సేవను నిర్మించింది. ఆ సాధనం హోమ్‌పేజీ తెరవగానే పెద్ద అక్షరాలతో కనిపించే మాట ‘ఓపెన్ సోర్స్’. కోడ్ మొత్తం అందరికీ అందుబాటులో ఉంది, ఏమీ చెల్లించనక్కర్లేదు. సేవ ప్రారంభానికి పది రోజుల ముందు, మా మొదటి కస్టమర్ తరఫు న్యాయ సలహాదారు నుంచి మెయిల్ వచ్చింది. ‘ఈ భాగం లైసెన్సులో రెండో పేరా చూశారా? మీరు చేయబోతున్నది అక్కడ వద్దన్న పనే అనిపిస్తోంది.’ ఫైలు తెరిచాను. ఈ సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు హోస్ట్ చేసిన సేవగా, అంటే సొంత సర్వర్లలో నడిపి ఇంటర్నెట్ ద్వారా వాడుకునేలా, అందించరాదని స్పష్టంగానే రాసి ఉంది. ఎనిమిది నెలల్లో మాలో ఒక్కరు కూడా ఆ ఫైలు తెరవలేదు. ఆ భాగాన్ని తీసేసి మరొకటి అమర్చడానికి ఆరు వారాలు పట్టింది.

అప్పటి నుంచి ఏ కొత్త సాఫ్ట్‌వేర్‌ను వాడాలన్నా ముందు దాని లైసెన్సు నేను చదువుతాను. చాలా సందర్భాల్లో పావుగంట పని. ఎలా చదువుతానో రాస్తున్నాను.

ముందు మాట అర్థం తేల్చుకోవాలి. కోడ్ కంటికి కనిపించినంత మాత్రాన అది ఓపెన్ సోర్స్ కాదు. 1998లో ఈ మాట వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది ఏర్పడిన ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్ దానికి పది సూత్రాల నిర్వచనం ఇచ్చింది. లినక్స్ ఆధారిత వ్యవస్థను తయారుచేసే డెబియన్ ప్రాజెక్టు 1997లో తన కోసం రాసుకున్న మార్గదర్శకాలే దానికి మూలం. పదింటిలో మూడింటిని నేను కంఠతా పెట్టుకున్నాను. మొదటి సూత్రం ప్రకారం సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు పంచకుండా, అమ్మకుండా లైసెన్సు అడ్డుకోరాదు. ఐదో సూత్రం ప్రకారం ఏ వ్యక్తి మీదా, ఏ బృందం మీదా వివక్ష చూపరాదు. ఆరో సూత్రం ప్రకారం ఏ రంగంలోనూ వాడకాన్ని నిషేధించరాదు. వ్యాపారమూ అందులో భాగమే. ‘మాతో పోటీపడేవారు తప్ప ఎవరైనా వాడవచ్చు’ అన్న షరతు గానీ, ‘వ్యాపారేతర పనులకు మాత్రమే’ అన్న షరతు గానీ ఈ సూత్రాల ముందు నిలవవు.

ఇక ఫైలు తెరవండి. రిపాజిటరీ (ప్రాజెక్టు కోడ్ మొత్తం ఉండే చోటు) మొదటి ఫోల్డర్‌లోనే లైసెన్స్ అనే పేరుతో ఉంటుంది. ప్రాజెక్టుల కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో అయితే పక్కన లైసెన్సు పేరు చూపిస్తుంది. ఎంఐటీ, అపాచీ 2.0 వంటి తెలిసిన పేరు ఉంటే ఊరట. పేరు లేకుండా లైసెన్సు చూడండి అని మాత్రమే ఉంటే, అక్కడి పాఠం ఏ ప్రామాణిక లైసెన్సుతోనూ సరిపోలేదని అర్థం. అది తప్పేమీ కాదు, కానీ అక్కడ ప్రతి వాక్యమూ చదవాల్సిందే. పేరు తెలిసినదే అయినా మొదటి పది వాక్యాలు, చివరి పది వాక్యాలు తప్పక చూస్తాను. ఎందుకంటే కామన్స్ క్లాజ్ అనే షరతును మామూలు ఓపెన్ సోర్స్ లైసెన్సుకు అదనంగా జోడిస్తారు. అది అమ్ముకునే హక్కును తీసేస్తుంది. ‘అమ్మడం’ అనే మాటకు అందులో ఇచ్చిన అర్థం చాలా విశాలం. సాఫ్ట్‌వేర్ విలువ మీదే ప్రధానంగా ఆధారపడిన హోస్టింగ్‌కు, సలహా సేవలకు డబ్బు తీసుకోవడం కూడా అందులోకి వస్తుంది. కింద ఉన్న అపాచీ పాఠం అక్షరం మారదు, పైన చేరిన ఒక్క పేరాతో దాని స్వభావమే మారిపోతుంది.

పొట్టి పేర్లతో జాగ్రత్త. బీఎస్ఎల్ అంటే రెండు ఉన్నాయి. బూస్ట్ సాఫ్ట్‌వేర్ లైసెన్సు నిఖార్సయిన ఓపెన్ సోర్స్. బిజినెస్ సోర్స్ లైసెన్సు మాత్రం ఓపెన్ సోర్స్ కాదు. లైసెన్సులకు ప్రామాణిక గుర్తింపు పేర్లు ఇచ్చే ఎస్‌పీడీఎక్స్ జాబితాలో మొదటిది బీఎస్ఎల్-1.0, రెండోది బీయూఎస్ఎల్-1.1. మాటల్లో అందరూ రెండింటినీ ఒకేలా పలుకుతారు కాబట్టి పేరు విని నిర్ణయం తీసుకోవద్దు.

ఈ బిజినెస్ సోర్స్ లైసెన్సు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. దీన్ని రూపొందించింది మరియాడీబీ అనే డేటాబేస్ సంస్థ, అది ఓపెన్ సోర్స్ కాదని లైసెన్సు పాఠంలోనే ఉంది. ఫైలు పైభాగంలో కొన్ని ఖాళీలు పూరించి ఉంటాయి: హక్కుదారు ఎవరు, ఏ సాఫ్ట్‌వేర్, ‘అడిషనల్ యూజ్ గ్రాంట్’ (అదనపు వాడకానికి అనుమతి) ఏమిటి, ‘చేంజ్ డేట్’ (లైసెన్సు మారే తేదీ) ఎప్పుడు, ఆ తేదీ తర్వాత వర్తించే లైసెన్సు ఏది. కింది పాఠం అందరికీ ఒకటే. పైన పూరించినదే మన తలరాత. మామూలుగా ఈ లైసెన్సు అనుమతించేది పరీక్షలకు, అభివృద్ధి పనులకు మాత్రమే. నిజమైన వినియోగదారులకు సేవ అందించే సర్వర్‌లో వాడాలంటే ఆ అడిషనల్ యూజ్ గ్రాంట్ ఒప్పుకోవాలి. అది ఒక్కో కంపెనీ ఒక్కోలా రాసుకుంటుంది. కొందరు ఇన్ని సర్వర్ల వరకు అంటారు, కొందరు మా ఉత్పత్తులతో పోటీపడనంత వరకు అంటారు. ఈ ‘పోటీ’ దగ్గర పెన్సిల్‌తో గీత గీసుకోండి. వాళ్లు ఈ రోజు అమ్మని ఉత్పత్తిని రేపు అమ్మడం మొదలుపెడితే మీ పని పోటీ అవుతుందా? జవాబు పాఠంలో లేకపోతే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవాలి.

చేంజ్ డేట్ గురించి ఇంకో అపోహ ఉంది. నాలుగేళ్లు ఆగితే అంతా స్వేచ్ఛగా వస్తుందని అనుకుంటారు. వస్తుంది, కానీ ఒక్కో వెర్షన్‌కు గడువు విడిగా లెక్క. ఒక వెర్షన్ విడుదలయ్యాక గరిష్ఠంగా నాలుగేళ్లకు అది ఓపెన్ సోర్స్ లైసెన్సులోకి మారుతుంది. ఈ మధ్యలో చేసిన భద్రతా సవరణలు కొత్త వెర్షన్లతో పాటు ఇంకా పాత షరతుల కిందే ఉంటాయి. నాలుగేళ్ల నాటి లోపాలతో ఉన్న సాఫ్ట్‌వేర్‌ను ఇంటర్నెట్‌కు ఎదురుగా నిలబెట్టడం నేనైతే చేయను.

సర్వర్ సైడ్ పబ్లిక్ లైసెన్సును మోంగోడీబీ అనే డేటాబేస్ సంస్థ 2018 అక్టోబరులో తెచ్చింది. దాని 13వ విభాగం మీద దృష్టి పెట్టండి. సాఫ్ట్‌వేర్‌ను ఇతరులకు సేవగా అందిస్తే, ఆ సేవను నడిపే నిర్వహణ, పర్యవేక్షణ, బ్యాకప్, హోస్టింగ్ సాఫ్ట్‌వేర్ల కోడ్‌నంతా అదే లైసెన్సు కింద విడుదల చేయాలి. మామూలు సంస్థలకు ఆచరణలో అది నిషేధంతో సమానం. ఆమోదం కోసం దీన్ని ఓపెన్ సోర్స్ ఇనిషియేటివ్‌కు పంపి, 2019 మార్చిలో వెనక్కి తీసుకున్నారు.

దీన్నీ ఏజీపీఎల్ అనే లైసెన్సునూ ఒకే గాటన కట్టడం అన్యాయం. సవరించిన ప్రోగ్రాంను నెట్‌వర్క్ ద్వారా వాడుకునేవారికి దాని కోడ్ ఇవ్వమంటుంది ఏజీపీఎల్. బాధ్యత బరువైనదే, కానీ ఎవరినీ బయటికి నెట్టదు, ఏ పనినీ నిషేధించదు. అది ఓపెన్ సోర్సే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే. బాధ్యత వేరు, నిషేధం వేరు.

పై ఫోల్డర్ లైసెన్సు చదివాక లోపలి ఫోల్డర్లు చూడాలి. కోడ్ నిర్వహణ సాధనమైన గిట్‌ల్యాబ్‌లో ‘ఈఈ’ అనే ఫోల్డర్‌కు లైసెన్సు వేరు. అక్కడ ఆ సంగతి దాచకుండా చెప్పారు కాబట్టి ఇబ్బంది లేదు. అన్నిచోట్లా అంత స్పష్టత ఉండదు. రిపాజిటరీని కంప్యూటర్‌లోకి దించుకుని, లైసెన్స్ పేరుతో ఉన్న ఫైళ్లన్నీ వెతకండి. తర్వాత ప్రతి సోర్స్ ఫైలు మొదట్లో ఉండే ఎస్‌పీడీఎక్స్ గుర్తులను వెతికి, ఎన్ని రకాలు ఉన్నాయో చూడండి. ఒకసారి లాగిన్ పనులు చూసే ఫోల్డర్ ఒక్కటే వేరే లైసెన్సులో దొరికింది. లాగిన్ లేకుండా ఆ సాఫ్ట్‌వేర్‌తో ఎవరికీ పని జరగదు.

చివరగా లైసెన్సు ఫైలు చరిత్ర చూడండి. ఆ ఫైలు ఎప్పుడు, ఎన్నిసార్లు మారిందో, మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్ చెబుతుంది. సెర్చ్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఎలాస్టిక్ 2021లో అపాచీ 2.0 నుంచి తప్పుకుంది. సర్వర్లను అమర్చే టెర్రాఫామ్ అనే సాధనాన్ని తయారుచేసిన హాషీకార్ప్ 2023 ఆగస్టులో బిజినెస్ సోర్స్ లైసెన్సుకు మారింది. డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రెడిస్ 2024 మార్చిలో బీఎస్‌డీ అనే ఓపెన్ సోర్స్ లైసెన్సును వదిలింది. మూడు సందర్భాల్లోనూ పాత వెర్షన్లు పాత లైసెన్సుతోనే ఉండిపోయాయి, అందుకే ఓపెన్‌సెర్చ్, ఓపెన్‌టోఫూ, వాల్కీ అనే ఫోర్కులు (పాత కోడ్ నుంచి చీలి విడిగా సాగే ప్రాజెక్టులు) పుట్టగలిగాయి. తర్వాత ఎలాస్టిక్ 2024లో, రెడిస్ 2025లో ఏజీపీఎల్‌ను కూడా ఒక ఎంపికగా చేర్చాయి. కాబట్టి ‘ఫలానాది ఓపెన్ సోర్సేనా’ అని అడిగితే, ఏ వెర్షన్ అని నేను తిరిగి అడుగుతాను.

మార్పు రేపు జరిగే అవకాశం ఉందా అన్నది కోడ్ హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయన్న దాని మీద ఆధారపడుతుంది. కోడ్ పంపేవారందరి చేతా, లైసెన్సు మార్చే అధికారాన్ని కంపెనీకి ఇచ్చే ఒప్పందం మీద సంతకం చేయించుకుంటే, ఆ కంపెనీ ఒక్కటే కూర్చుని నిర్ణయం తీసుకోగలదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నెల్‌లో హక్కులు వేలమంది దగ్గర చెదిరి ఉన్నాయి. అక్కడ అలాంటి నిర్ణయం తీసుకోగలిగే ఒక్క చేయి అంటూ లేదు.

కృత్రిమ మేధ మోడళ్లకూ ఇదే పద్ధతి. మెటా సంస్థ 2023లో లామా 2ను ఓపెన్ సోర్స్ అంటూ విడుదల చేసింది. నెలకు 70 కోట్ల మందికి పైగా వాడుకరులున్న సంస్థలు విడిగా అనుమతి తీసుకోవాలని లైసెన్సులో ఉంది. ఆ అంకె మనలాంటివారికి తగలదని కొట్టిపారేయకండి. దానితో పాటు వాడకం మీద నిషేధాల జాబితా కూడా ఉంది, అది అందరికీ వర్తిస్తుంది.

ఇంత చదివాక లైసెన్సులో నిషేధాలు కనిపిస్తే సాఫ్ట్‌వేర్‌ను వదిలేయాలని కాదు. తమ శ్రమను పెద్ద క్లౌడ్ కంపెనీలు తమకేమీ చెల్లించకుండా అమ్ముకుంటున్నాయన్న తయారీదారుల బాధ నిజమైనదే, షరతులు పెట్టుకునే హక్కూ వాళ్లకుంది. మేము అలాంటి రెండింటిని ఇప్పటికీ వాడుతున్నాం. సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, లైసెన్సు, చదివిన తేదీ, చదివినవారి పేరు, మాకు వర్తించే నిషేధం, ఇవన్నీ ఒక ఫైలులో రాసి పెట్టుకున్నాం. వెర్షన్ మారిన ప్రతిసారీ లైసెన్సును మళ్లీ చదువుతాం. నేను ఒప్పుకోలేనిది ఆ షరతులకు ఓపెన్ సోర్స్ అన్న పేరు తగిలించడం. ఎవరి అనుమతీ అడగకుండా వాడుకోవచ్చన్న నమ్మకాన్ని ఆ పేరుకు సంపాదించి పెట్టడానికి ఎంతోమంది ఏళ్ల తరబడి పని చేశారు.

అందుకే అలాంటిది ఎదురైతే ఆ ప్రాజెక్టుకు ఒక సందేశం రాస్తాను. మీరూ దీన్ని వాడుకోవచ్చు (కోడ్ కనిపించినా వాడకానికి షరతులున్న సాఫ్ట్‌వేర్‌ను సోర్స్ అవైలబుల్ అంటారు): ‘మీ పనిని కోడ్‌తో సహా అందరి ముందు ఉంచినందుకు ధన్యవాదాలు. హోమ్‌పేజీలో ఓపెన్ సోర్స్ అని ఉంది. లైసెన్సులోని ఫలానా పేరా హోస్టింగ్‌ను నిషేధిస్తోంది, ఇది ఓపెన్ సోర్స్ నిర్వచనంలోని ఆరో సూత్రానికి విరుద్ధం. లైసెన్సు మార్చమని అడగడం లేదు. సోర్స్ అవైలబుల్ అని రాస్తే, మీ మీద ఆధారపడేవారు ముందే చూసుకుని నిర్ణయించుకుంటారు.’ మర్యాదగా, పేరా సంఖ్యతో సహా రాయాలి. ఇప్పటివరకు మూడు ప్రాజెక్టులకు పంపాను. ఒకరు వారంలో హోమ్‌పేజీ మార్చి, ధన్యవాదాలు చెప్పారు. ఒకరు చర్చను మూసేశారు. మూడోవారి దగ్గర ఆ సందేశం ఇంకా తెరిచే ఉంది. కింద మరో నలుగురు తమకూ అదే సందేహం వచ్చిందని రాశారు.